నారింజ రంగు పూసిన నీలం కెమెరా

పొగమంచు దట్టంగా పట్టిన పొద్దుల్లో మా రేవులో ఎవరికీ ఏమీ కనబడదు. అప్పుడందరూ ఎల్విన్ డోర్ మొహం వంక చూస్తారు. అతను తల ఓ పక్కకి వాల్చి, చెవి సముద్రం వైపు పెట్టి, "వర్జిల్ వస్తున్నాడు. బోన్లలో ఏం పడినట్టు లేదు, బోటు తేలిగ్గా వస్తోంది" అంటాడు. కాసేపటికి తెల్లటి మంచులోంచి వర్జిల్ బోటు ముక్కు బయటపడుతుంది. దాని వెనకాల వర్జిల్ మొహం, ఎల్విన్ చెప్పినట్టే, వేలాడుతూ ఉంటుంది.

అమెరికాలో మేన్ తీరాన, సముద్రంలో బోన్లు దింపి పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టుకుని బతికే చిన్న ఊరు మాది. ఎల్విన్ వాళ్ళ పెరడు, మా వంటింటి కిటికీ ఎదురెదురు. కాబట్టి వాళ్ళింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి నేను పెద్దగా శ్రమ పడక్కర్లేదు. గిన్నెలు కడుక్కుంటే చాలు. ఐదో తరగతితో బడి మానేసి, ఫ్యాక్టరీలో సార్డీన్ చేపల తలలు కత్తిరించడానికి వెళ్ళినదాన్ని. పుస్తకాల్లో చదవాల్సింది మిగిలిపోయింది గనక మనుషుల్ని చదువుకుంటూ వచ్చాను.

ఎల్విన్ జీవితం సగం అతని బోటే. పెళ్ళయిన కొత్తలో మామగారి గడ్డి కొట్టంలో రెండు చలికాలాలు కూర్చుని తన చేత్తో కట్టుకున్నాడు. కొత్త పెళ్ళికూతురు లెటా రోజూ కాఫీ పట్టుకెళ్ళి, "తలుపు కొలిచావా?" అని అడిగేది. "కొలిచాను" అనేవాడు. కొలిచిన మాట నిజమే. వెడల్పు కొలిచాడు, ఎత్తు కొలవలేదు. చివరికి బోటు బయటికి రావాలంటే గోడ పడగొట్టాల్సి వచ్చింది. ఆ గోడకి మామగారు కొట్టించిన కొత్త పలకలు ఇప్పటికీ వేరే రంగులో కనబడుతుంటాయి. అల్లుడి తెలివిని పదిమందీ చూడాలని ఆయన కావాలనే రంగు వేయించలేదు.

మా రేవులో బోట్లకి ఆడవాళ్ళ పేర్లే ఉంటాయి. ఆ బోటుకి 'లెటా మే' అని భార్య పేరే పెట్టాడు. తమాషా ఏమిటంటే లెటాకి సముద్రం పడదు. నీళ్ళలోకి దింపిన రోజున బోట్లకి దారి చూపడానికి నీళ్ళ మీద తేలుతూ గంట మోగే బెండు దాకా వెళ్ళి, తిరిగొచ్చేలోపు పొద్దున తిన్నదంతా చేపలకి పెట్టేసి, మళ్ళీ ఆ బోటెక్కితే ఒట్టు అంది. ఒట్టు నిలబెట్టుకుంది కూడా.

ఇక ఆ బోటు ఇంజను. మంచు తోసే పాత లారీలోంచి తీసింది. అది చేసే చప్పుడు ఇంకే బోటూ చెయ్యదు. దడదడా కొట్టుకుంటూ వచ్చి, మధ్యలో ఒక్కసారి ముసలాడిలా దగ్గి, మళ్ళీ దడదడా అందుకుంటుంది. ఎల్విన్ సాయంత్రం దీపస్తంభం ఉన్న ఒడ్డు కొన తిరిగేసరికి ఆ దగ్గు గాలిలో తేలుతూ మా వీధి దాకా వచ్చేది. అది వినగానే లెటా బంగాళాదుంపల గిన్నె పొయ్యి మీద పెట్టేది. అతను బోటు కట్టేసి, నడిచొచ్చి, బూట్లు విప్పేసరికి దుంపలు సరిగ్గా ఉడికేవి. ముప్పై ఏళ్ళు పైగా ఆ ఇంటి గడియారం అదే.

అలాంటి బోటుని అమ్మాల్సొచ్చింది. ఎల్విన్ మోకాళ్ళు అరిగిపోయాయి. కూతురు కొరీన్ వేసవిలో నాన్నతో బోన్లు లాగుతుందిగానీ, ఆమెకి బడి వంటశాలలో మంచి ఉద్యోగం ఉంది. అవతలి అఖాతంలో డెల్మార్ అనే కుర్రాడు కొంటానన్నాడు. వచ్చి చూసి, బోటు ఒళ్ళంతా తట్టి, "మీ పని గట్టి పనండీ, ఎల్విన్ గారూ. ఇంజను మాత్రం తీసి పారేస్తాను. కొత్తది పెట్టించుకుంటా" అన్నాడు.

ఎల్విన్ తలూపాడు. ఆ కుర్రాడి డబ్బు, ఆ కుర్రాడి ఇష్టం. కానీ ఆ సాయంత్రం పెరట్లో బోను బాగుచేస్తూ, చేస్తూ ఆగిపోయి కూర్చున్నాడు. నేను పళ్ళు కూరి చేసిన తీపి రొట్టె తీసుకుని వెళ్ళాను. ఊరికే వెళ్తే ఎందుకొచ్చావంటారు కదా.

"ఏరా ఎల్వినూ, ఏమాలోచిస్తున్నావు?"

"ఆర్డెల్ అత్తా, ఫొటోలు బోలెడున్నాయి. కానీ ఫొటో మాట్లాడదుగా. సెప్టెంబరులో అది వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఆ చప్పుడు ఈ లోకంలో ఎక్కడా ఉండదు. జులైలో బోట్ల పందెం ఉంది. పూర్తి వేగంతో వెళ్తుంటే దాని గొంతు ఎలా ఉంటుందో నీకు తెలుసు. అది పట్టుకోవాలి."

"అంటే వీడియో కెమెరా కొంటావా?"

లోపల్నించి లెటా కేక: "కొంటే ఇంట్లో వాళ్ళని కూడా తియ్యాలి! బోటుకొక్కదానికే అయితే నేనొప్పుకోను!"

అలా, చేతికందే ధరలో ఉండి, అటు ఇంటికీ ఇటు పందేనికీ పనికొచ్చే కెమెరా కోసం ముగ్గురం పట్నం బయలుదేరాం. నన్నెవరూ రమ్మనలేదు. కానీ లారీలో చోటుంది.

దుకాణంలో నడీన్ అనే నడివయసు ఆవిడ, కళ్ళజోడు మెళ్ళో వేలాడేసుకుని, ఎంతో ఓపికగా చూపించింది. మొదట ఓ పెద్ద కెమెరా తీసింది. దూరాన ఉన్నదాన్ని ముక్కు ముందుకి లాక్కొస్తుంది. ఎల్విన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని మీద నీళ్ళు పడితే?" అన్నాడు.

"పడనివ్వకూడదండీ."

"ఆ మాట సముద్రానికి చెప్పాలి, నాక్కాదు."

ఆవిడ నవ్వి రెండోది తీసింది. కొండల మీంచి దూకేవాళ్ళు నెత్తికి కట్టుకునేదట, అగ్గిపెట్టెంత ఉంది. నీళ్ళలో పడినా ఏం కాదు. అయితే దానికి తెరే లేదు. పైగా అది ప్రపంచాన్నంతా ఒకేసారి మింగేస్తుంది. తీసి చూపిస్తే లెటా, నేను గోడ మీద రెండు ఈగల్లా కనబడ్డాం.

"ఇందులో నేనెవరు?" అంది లెటా.

"ఎడం వైపు ఈగ" అన్నాడు ఎల్విన్.

"దాన్నక్కడ పెట్టేయ్."

మూడోది అరచేతిలో ఇమిడేది. పక్కకి తెరుచుకునే చిన్న తెర, తడిసినా ఫరవాలేదు, చెయ్యి వణికినా బొమ్మ వణకదు. ఎల్విన్ జేబులోంచి రబ్బరు గ్లౌజులు తీసి తొడుక్కున్నాడు. అవి ఎర చేపల కంపు. నడీన్ ఒక్క అడుగు వెనక్కి వేసింది. గ్లౌజులతోనే మీటలు నొక్కి చూశాడు, సులువుగానే పడ్డాయి. తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, కెరటం మీద నిలబడ్డట్టు పైకీ కిందకీ ఊగుతూ మమ్మల్ని తీశాడు. జనం సరుకుల బళ్ళు ఆపి చూశారు. లెటా టీవీల వైపు తిరిగి, ఆయనెవరో నాకు తెలీదన్నట్టు నిలబడింది.

తీసింది వేసి చూస్తే బొమ్మ బల్ల మీద పెట్టి తీసినట్టుంది. ఎల్విన్ మొహం వెలిగిపోయింది. "ఇదే" అన్నాడు.

"ఇందులో నలుపుది ఈ ఏడాది మోడలండీ, ధర ఎక్కువ" అంది నడీన్. "నిరుటి మోడల్ ఒక్కటే మిగిలింది, దాదాపు సగానికే ఇస్తాం. లోపల సరుకంతా ఒకటే."

అట్టపెట్టె తెరిచి చూపించింది. తళతళలాడే నీలం.

ఎల్విన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బాగుంది కదండీ? సముద్రం రంగు" అంది పాపం ఆవిడ.

పట్నం మనిషి, ఆవిడకేం తెలుసు! మా రేవులో నీలం రంగు బోటు ఉండదు. నీలం బాల్చీ కూడా బోటెక్కదు. సముద్రం తన రంగున్నదాన్ని తనదే అనుకుని తీసేసుకుంటుందని మా తాతల నాటి మాట. ఒకసారి లెటా తమ్ముడు వర్జిల్ నీలం టోపీ పెట్టుకుని 'లెటా మే' ఎక్కితే, ఎల్విన్ ఆ టోపీ తీసి నీళ్ళలో పారేశాడు. పైగా, "చూశావా, తీసేసుకుంది" అన్నాడు.

"నలుపుది తీసుకుందాం" అన్నాడిప్పుడు.

"తీసుకో. దాని బదులు మోకాలి ఆపరేషన్ ఒక కాలికే చేయించుకో" అంది లెటా. "ఇంట్లో రంగు డబ్బాలు లేవా? ఏటా బెండ్లన్నిటికీ పూస్తావు. దీనికీ పుయ్యి."

ఎల్విన్ మొహంలో సూర్యోదయమైంది. మా తీరంలో ప్రతివాళ్ళకీ ఓ రంగుంటుంది. నీళ్ళ మీద తేలే బెండు రంగుని బట్టి కింద బోను ఎవరిదో తెలుస్తుంది. ఎల్విన్‌ది నారింజ, మధ్యలో తెల్ల పట్టీ. కెమెరాకి కూడా ఆ రంగేస్తే అది సముద్రంది కాదు, ఎల్విన్‌ది అవుతుంది. చట్టపరంగా కూడా తిరుగులేని మాట.

డబ్బు కడుతుంటే నడీన్, "ఒక్క మాటండీ. ముందు వైపు ఈ చిన్న చిన్న కన్నాలున్నాయే, అది మైకు. దానికి వేలు అడ్డం రానివ్వకండి, శబ్దం పట్టదు" అంది. ముగ్గురం బుద్ధిగా తలూపాం.

శనివారం రాత్రి వాళ్ళింట్లో చిక్కుడు గింజలు, నల్ల రొట్టె. మా ఊళ్ళో శనివారమంటే ప్రతి ఇంట్లోనూ అదే. ఎల్విన్ కెమెరాని పరీక్షించాడు. కొరీన్ పిల్లలు వెక్కిరిస్తూ, లెటా గరిటె ఊపుతూ, అన్నీ చక్కగా పడ్డాయి, మాటలతో సహా. ఆదివారం మధ్యాహ్నం గడ్డి కొట్టంలో కూర్చుని రంగేశాడు. అద్దానికీ తెరకీ అంటకుండా కాగితం అంటించి మరీ వేశాడు. బెండ్ల రంగు ఉప్పునీళ్ళకి ఊడకూడదు కాబట్టి పాకంలా చిక్కగా ఉంటుంది. పైగా అతనిది గట్టి పని. రెండు పూతలు పూశాడు.

పందెం రోజు ఎండ కాచింది. రేవంతా బోట్లు, బోట్ల నిండా జనం, జనం చేతుల్లో లాబ్‌స్టర్ రొట్టెలు. పందెంలో 'లెటా మే' సైజు బోట్ల తరగతిలో నాలుగు బోట్లున్నాయి. ఎల్విన్ బోటు తిప్పే చక్రం పట్టుకున్నాడు, కొరీన్ వెనకాల నిలబడి కెమెరా పట్టుకుంది. జెండా పడింది. అబ్బ, ఏం మోత! ఒడ్డున బల్ల మీద పెట్టిన నా కాఫీ కప్పు ఊగింది. లెటా కన్నార్పలేదు. 'లెటా మే' ముక్కు గాల్లోకెత్తి, దడదడా, ఒక దగ్గు, మళ్ళీ దడదడా అంటూ మా ముందు నుంచి దూసుకుపోయింది.

మూడో స్థానం వచ్చింది. నాలుగోది మధ్యలోనే పొగ కక్కి ఆగిపోయిందనుకోండి. అయినా ఎల్విన్ మొదటొచ్చినంత ఆనందంగా దిగాడు. "పడిందా?" అన్నాడు కొరీన్‌ని. "మొత్తం పడింది నాన్నా" అంది.

ఆ సాయంత్రం అగ్నిమాపక శాల హాల్లో ఊరందరి విందు. కెమెరాని అక్కడి పెద్ద టీవీకి తగిలించారు. ఎల్విన్ ముందు వరసలో కుర్చీ వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. అతను వినడానికొచ్చాడు, చూడ్డానికి కాదు.

బొమ్మ వచ్చింది. నురగ, ఎండ, ఎల్విన్ వీపు, పక్కన వర్జిల్ బోటు, అంతా అద్దంలా ఉంది. చప్పుడు లేదు.

"శబ్దం పెంచండి" అన్నారెవరో. పెంచారు. ఇంకా పెంచారు. వర్జిల్ టీవీ నెత్తిన ఒకటిచ్చాడు. ఏమీ లేదు. అంత పెద్ద సముద్రం మూగబోయి ఎగిరెగిరి పడుతోంది.

"టీవీదే తప్పేమో, ఇంకోటి వేసి చూద్దాం" అని కొరీన్ శనివారం భోజనాలది నొక్కింది. శబ్దం అప్పటికే చివరి దాకా పెంచి ఉంది.

"ఎల్విన్ డోర్! ఆ బూట్లతో నా వంటింట్లో అడుగెట్టావో, ఆ కెమెరా నీ చేత మింగిస్తాను!"

హాలు అదిరిపడింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పాస్టరుగారి చేతిలో కేకు నేల పాలయింది. తెర మీద లెటా గరిటెతో నిలబడి ఉంది, హాల్లో లెటా ముఖానికి చేతులడ్డం పెట్టుకుంది. నవ్వి నవ్వి జనానికి కళ్ళనీళ్ళొచ్చాయి.

నవ్వనిది ఎల్విన్ ఒక్కడే. టీవీ బాగానే ఉందన్నమాట. నేను ఆగలేక కెమెరా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. దుకాణంలో ఆవిడ చూపించిన కన్నాలేవీ? నున్నగా నారింజ రంగు.

"ఒరే ఎల్వినూ, దీని నోట్లో రంగు పోసేశావురా" అన్నాను.

ఎల్విన్ కెమెరా అందుకుని బొటనవేలితో తడిమాడు. "రెండు పూతలు" అన్నాడు నెమ్మదిగా. ఆ మాటతో హాలు కూడా చల్లబడింది. ఆ చప్పుడు ఏమవబోతోందో ఊరందరికీ తెలుసు.

వర్జిల్ మాత్రం ఊరుకోలేదు. "నేనప్పుడే చెప్పా బావా, నీలం అచ్చిరాదు. పైన ఎంత పూసినా లోపల నీలమేగా!"

"నీ టోపీ గుర్తుందా?" అన్నాడు ఎల్విన్.

"గుర్తుంది. ఇంకా నాకు బాకీ ఉన్నావు." అని వర్జిల్ మళ్ళీ పందెం బొమ్మ పెట్టించాడు. టీవీ పక్కన నిలబడి, రెండు చేతులూ చక్రం పట్టినట్టు పట్టి, నోటితో మొదలుపెట్టాడు: "దడదడదడదడ..."

వెనక వరసలో ఇంకొకడు అందుకున్నాడు. తర్వాత ఇద్దరు, తర్వాత అందరూ. పాస్టరుగారు కూడా. ముప్పై ఏళ్ళుగా విన్నది గదా, ఎవరికి రాదు! ఎల్విన్ కాసేపు చూసి, ఉండబట్టలేక లేచాడు.

"కాదు కాదు! బెండు దాటాక దగ్గుంటుంది. ఇప్పుడు... దగ్గండి!"

హాలంతా దగ్గింది.

"వర్జిల్, నీది తొందరపడుతోంది. అందుకే నీ బోటు కూడా అలాగే ఏడుస్తుంది."

నవ్వుకుంటూ ఇంటికెళ్ళాం. కానీ మర్నాడు పొద్దున కిటికీలోంచి చూస్తే ఎల్విన్ పెరటి మెట్ల మీద కూర్చుని, లెటా అల్లిక సూదితో కెమెరా కన్నాల్లోంచి రంగు తవ్వుతున్నాడు. ఊపిరి బిగబట్టి, పసిపిల్ల చెవి శుభ్రం చేస్తున్నంత మెత్తగా. చివరికి కన్నాలు తెరుచుకున్నాయి. కాకపోతే వాటి చుట్టూ రంగు పెచ్చులూడి, గోరంత మేర నీలం బయటపడింది.

"మళ్ళీ పూస్తావా?" అన్నాను కంచె మీంచి.

"పూస్తే మళ్ళీ మూసుకుపోతుంది అత్తా."

"పూయకపోతే నీలం బోటెక్కుతుంది."

అతను కెమెరా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వేసవంతా కెమెరా వంటింటి అలమార మీద కూర్చుంది, బోటెక్కలేదు. ఎల్విన్ రోజూ దాని ముందు నుంచి వెళ్ళేవాడు, చూసేవాడు, వెళ్ళిపోయేవాడు. వాళ్ళ నాన్న, తాత, అందరూ ఆ సముద్రంలోంచి క్షేమంగా ఇంటికొచ్చినవాళ్ళే. ఎవరూ నీలం తీసుకెళ్ళలేదు. అది చిన్న సంగతి కాదు.

సెప్టెంబరు వచ్చింది. బోటుని అవతలి అఖాతానికి అప్పజెప్పే రోజు. ఎల్విన్‌ని తిరిగి తీసుకురావడానికి కొరీన్ లారీ నడుపుకుంటూ రోడ్డు మీద వెళ్ళాలి. బోటు మీద ఎల్విన్ ఒక్కడే. రేవుకి సాగనంపడానికి వెళ్ళాం. ఎల్విన్ తాడు విప్పబోతూ ఆగాడు. కోటు లోపల్నించి కెమెరా తీశాడు. తెచ్చాడన్నమాట! ఆ నీలం మచ్చని ఓసారి చూసుకున్నాడు.

"చక్రం తిప్పుతూ ఇది పట్టుకోలేను" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

లెటా నా చేతిలో తన సంచీ పెట్టింది. కోటు గుండీలు పెట్టుకుంది. "ఇటివ్వు" అంది. కెమెరా లాక్కుని బోటెక్కేసింది.

ఎల్విన్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "లెటా, నీ ఒట్టు..."

"నీ నీలం బోటెక్కగా లేనిది, నా ఒట్టు దిగిపోతే ఏం? బోటు పోనియ్యి, నేను మనసు మార్చుకునేలోపు!"

రేవు అంచు నుంచి వర్జిల్, "అక్కా, బాల్చీ ఉంచుకో!" అని అరిచాడు. మంచి సలహాయే. కొన దాటకముందే బాల్చీ అవసరం పడిందట.

ఆ ప్రయాణంలో తీసిన బొమ్మ చూడాలంటే గుండె ధైర్యం కావాలి. మొదట కాసేపు ఎల్విన్ టోపీ. ఆ తర్వాత లెటా బూట్లు. ఆకాశం. బాల్చీ. మళ్ళీ బూట్లు. చాలాసేపు చీకటి, అంటే కోటు జేబన్నమాట. కానీ శబ్దం! దడదడ, దగ్గు, దడదడ. మధ్యమధ్య లెటా గొంతు: "ఇంకెంత దూరం?" ఎల్విన్ గొంతు: "వచ్చేశాం." మళ్ళీ దడదడ. "ఇంకెంత దూరం?" "వచ్చేశాం అన్నానుగా."

మొన్న చలికాలంలో ఓ సాయంత్రం, మంచు కురుస్తుంటే, తాజా రొట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఎల్విన్ మోకాలికి పట్టీతో కుర్చీలో ఉన్నాడు. ఆపరేషన్ బాగానే అయింది. కొరీన్ పందెం బొమ్మని డిస్కులోకి ఎక్కించి ఇచ్చింది. దాన్ని టీవీలో పెట్టి, కెమెరాని ఒళ్ళో పెట్టుకుని సెప్టెంబరు ప్రయాణం శబ్దం వినిపిస్తున్నాడు. బొమ్మ ఒకచోట, గొంతు ఒకచోట. టీవీలో బోటు ఇంకా జెండా దగ్గరే ఆగి ఉంటే, ఒళ్ళో ఇంజను పరిగెడుతోంది. అక్కడ బోటు దూసుకుపోతుంటే, ఇక్కడ లెటా "ఇంకెంత దూరం?" అని మూలుగుతోంది.

"అస్సలు కలవట్లేదు కదరా" అన్నాను.

"అది నా బోటే అత్తా. ఏనాడు నా మాట విందని?" అని నవ్వి, కళ్ళు మూసుకున్నాడు.

లెటా దీపం కింద మేజోడు అల్లుకుంటోంది. దడదడా సాగుతున్న ఇంజను ఒక్కసారి దగ్గింది. లెటా అల్లిక పక్కన పెట్టి, లేచి, వంటింట్లోకి నడిచింది. గిన్నెలో నీళ్ళు పోసిన చప్పుడైంది.

ఎల్విన్ కళ్ళు తెరిచాడు. "ఏం చేస్తున్నావు?"

"దుంపలు పెట్టొద్దూ? నువ్వు కొన తిరిగావుగా" అంది. అని, గిన్నె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, కుర్చీలో ఉన్న మొగుణ్ణి చూసి, ఒక్క క్షణం నిలబడిపోయింది.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఎల్విన్ మాత్రం నవ్వలేదు. కెమెరా మీద నీలం మచ్చని బొటనవేలితో ఓసారి రాశాడు.

"పెట్టు మరి" అన్నాడు. "బోటు కట్టేసి వచ్చేస్తా."

"బూట్లు బయటే విప్పు" అని లెటా లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి దుంపలు నేనూ అక్కడే తిన్నాను.